కాటిజట్టు

యుద్ధం అయిపోయిందని దండోరా వేసి చాలా రోజులైంది గానీ, గుడ్డకి ఆ సంగతి ఇంకా తెలియలేదు. తిరుపతిలో గజం మల్లు కావాలన్నా తాలూకా కచేరీ నుంచి పర్మిట్ తెచ్చుకోవాలి. పర్మిట్ ఇవ్వాలంటే ఇంట్లో పెళ్ళయినా జరగాలి, చావయినా జరగాలి. ఆ ఏడు ఊళ్ళో కొత్తబట్ట కట్టినవాళ్ళు పెళ్ళికొడుకులూ పీనుగులూ మాత్రమే. తక్కిన జనమంతా మాసిక మీద మాసిక వేసుకుని, ఎదుటివాడి మాసికలు చూసి ఊరట పడుతూ బతుకుతున్నారు.

అలాంటి రోజుల్లో, కొత్తగా పెట్టిన కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి చిత్తూరు నుంచి కబురు వచ్చింది. వచ్చే ఆదివారం పొద్దున ఆట. పదకొండు మందీ ఒకే రకం చొక్కాలు వేసుకుని రావాలి, జట్టుకి ఒక పేరుండాలి. చొక్కాలు లేనివాళ్ళని అసలు గీత దాటనివ్వరు. చిత్తూరు జట్టుకి చారల చొక్కాలున్నాయి, పులులని పేరుంది.

పేరుదేముంది, నోటితో పెట్టుకునేదే కదా అనుకున్నారు కుర్రాళ్ళు. కాలేజీ వెనక మైదానంలో సాయంత్రం ఆట ముగిశాక గుండ్రంగా కూర్చుని మొదలుపెట్టారు. శేషాచలం సింహాలు అన్నాడొకడు. శేషాచలంలో సింహాలెక్కడివిరా అన్నాడు ఇంకొకడు. గరుడ దళం బాగుంటుందంటే, చిత్తూరువాళ్ళు గద్దలంటారని భయపడ్డారు. కెప్టెన్ జయరామ్ వకీలు గారబ్బాయి. పొడగరి, మాటకారి. వాడికి ఏ పేరూ నచ్చలేదు. పేరంటే మనం పెట్టుకున్నట్టు ఉండకూడదు, దానంతటది వచ్చినట్టుండాలి అన్నాడు. అది ఎలా వస్తుందో మాత్రం వాడికీ తెలియదు.

వెంకటముని వాళ్ళకి కొంచెం ఎడంగా కూర్చుని బంతి లోపలి రబ్బరు తిత్తికి అతుకు వేస్తున్నాడు. పేరు సంగతి అతన్నెవరూ అడగలేదు. అతను గోలు కాస్తాడు. తరగతిలో అతను కూర్చున్న బెంచీ మీద ఇంకొకరు కూర్చోరు. నీళ్ళు తాగాలంటే ఎవరో ఎత్తి పోయాలి. కానీ రెండు కొయ్యల మధ్య నిలబడ్డప్పుడు మాత్రం ఆ పదిమందీ అతనికి వీపు చూపించి నిశ్చింతగా ముందుకి పోతారు. తమ వెనకాల వెంకటముని ఉన్నాడన్న ధీమా అది. ఆ కాసేపటి కోసమే అతను కాలేజీకి వస్తున్నాడంటే అబద్ధం కాదు. చిత్తూరు ఆట లేదంటే జట్టూ ఉండదు. జట్టు లేకపోతే అతను మళ్ళీ ఒంటరి బెంచీ మీది మనిషే.

మీ నాయన ఏం పని చేస్తాడని అడిగితే కట్టెల పని అని చెప్పేవాడు. అలా చెప్పమని నేర్పింది డ్రిల్లు మాస్టరు రాజారత్నం. పట్టాళంలో పనిచేసి వచ్చిన మనిషి, ఆదివారం చర్చికి పోయేవాడు, మాట కటువు. అందులో అబద్ధమేముందిరా, కట్టెల పనే గదా అన్నాడు అప్పట్లో. వెంకటముని తండ్రి మునస్వామి పేర్చే కట్టెలు ఊరి చివర వంక గట్టున, శ్మశానంలో పేర్చే కట్టెలు. ఆ మాట మాస్టరుకీ వెంకటమునికీ తప్ప కాలేజీలో ఇంకెవరికీ తెలియదు.

పర్మిట్ కోసం రాజారత్నం మూడోసారి కచేరీకి పోయి ఉత్త చేతులతో వచ్చాడు. ఫుట్‌బాల్ పెళ్ళా చావా అని అడిగాడట గుమాస్తా. కుర్రాళ్ళు తలలు దించుకుని ఎవరి సైకిలు వాళ్ళు తీసుకున్నారు. అందరూ వెళ్ళేదాకా ఆగి వెంకటముని ఆయన దగ్గరికి వచ్చాడు.

"మా యింట్లో తెల్లగుడ్డ ఉండాది సార్. అందరికీ సరిపోతాది."

రాజారత్నం అతని ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత అతను వేసుకున్న చొక్కా కేసి చూశాడు. తెల్లటి చొక్కా, కాలేజీలో చేరినప్పటినుంచీ అదే చొక్కా, చాకిరేవు ఉడుకుతో శుభ్రంగా ఉంది. ఎక్కడిదని ఆయన అడగలేదు. అడిగితే వద్దనవలసి వస్తుంది. తెల్లారి తీసుకురమ్మని చెప్పి, చేతిలో విజిలు కాసేపు తిప్పుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

శవాన్ని లేపేముందు బంధువులు తలా ఒక కొత్తగుడ్డ తెచ్చి కప్పుతారు. చితి మీద పడుకోబెట్టాక ఒక్కటి ఉంచి తక్కినవన్నీ తీసి కాటికాపరికి వదిలేస్తారు. అది వాళ్ళ వంశానికి ఉన్న హక్కు. వెంకటముని పుట్టినప్పుడు చుట్టింది ఆ గుడ్డలోనే. అతని తల్లి తాయమ్మ కట్టుకునేది అదే, దుప్పటి అదే, దీపానికి వత్తి అదే. చౌడు నీళ్ళలో ఉడకబెట్టి, వంకలో జాడించి, ఎండలో ఆరేస్తే గుడ్డ గుడ్డేనన్నది అతని నమ్మకం. ఊరంతా గుడ్డ కోసం అల్లాడుతుంటే తమ ఇంట్లో మట్టి తొట్టి నిండా ఉండటం అతనికి వింతగా కూడా అనిపించలేదు.

తాయమ్మకి మాత్రం ఎందుకో చేతులు ఆడలేదు. కొడుకు అడిగాడు గనక తొట్టి మూత తీసింది. మడత విప్పి చూసి, ఒక్కొక్కటీ ఎవరిదో చెప్పసాగింది. ఇది కుమ్మరోళ్ళ పిల్లోడిది, పాము కరిచి పోయినాడే వాడిది. ఇది పూలకొట్టు ముసలాయనది. ఇది కాన్పులో పోయిన చిన్నమ్మిది. వెంకటముని విననట్టే ఉన్నాడు. తొట్టి అడుగున ఉన్నది బయటికి తీసినప్పుడు ఆమె కొంచెంసేపు ఆగింది. పెద్దపన్నా నేత, అంచున రెండు నీలం పోగులు, వాటి మధ్య ఒక ఎర్రపోగు. యాత్రకి వచ్చి వాంతిబేది తగిలి సత్రం వాకిట్లో పోయినవాడిది అంది. ఎవరో, ఏ ఊరో, పేరు లేదు.

గుడ్డలు మూటగట్టి ఇస్తూ ఆమె రెండు మాటలు చెప్పింది. "మీ నాయనకి సెప్పొద్దు. పండుకున్నోళ్ళని మళ్ళా వీధిలోకి పంపిస్తావా అంటాడు. ఇంగొకటి, ఇయ్యి యేసుకున్నోళ్ళని పేరుపెట్టి పిలవనీయొద్దు. కాటికాడనించి వొచ్చేటప్పుడు యెవురూ యెవుర్నీ పిలవరు గదా, యెనక్కి తిరిగి సూడరు గదా. అట్లే."

ఆమె ముఖం చూసి అతను సరేనన్నాడు.

దర్జీ ఇద్రీస్ కొట్టు గాలిగోపురం వీధి సందులో ఉంది. ఆయన మూట విప్పి, పై గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉంచేశాడు. అంత కొత్తగుడ్డ ఒక్కచోట చూసి ఆయనకి చాలా కాలమైంది. వీధిలోకి ఒకసారి చూసి, తడిక దగ్గరికి లాగి, ఎంతమందివి బేటా అని అడిగాడు. పదకొండు చొక్కాలు కుట్టాలని చెప్పాడు వెంకటముని. అది కాదు నేనడిగింది అన్నాడు ఇద్రీస్. వెంకటముని మూట కట్టిన గుడ్డ మడతపెట్టసాగాడు.

"మావోళ్ళకి చుట్టేది కుట్టని గుడ్డ," అన్నాడు ఇద్రీస్ చివరికి. "సూది పడినాక అది బతికుండేవాడిది. నేను కుడతాను."

కుట్టాడు. కుడుతున్నంతసేపూ వచ్చినవాళ్ళని గడప బయటే నిలబెట్టి మాట్లాడి పంపేశాడు. పెద్దపన్నా గుడ్డ పొడగరికి సరిపోతుందని కెప్టెన్ చొక్కాకి కత్తిరించాడు. ఆ అంచు అందంగా ఉందని పారెయ్యకుండా చొక్కా కిందివైపుకి తెచ్చాడు. మిగిలిన పీలికలు మామూలుగా పిల్లల బొమ్మలకి ఇచ్చేవాడు, ఈసారి అన్నీ పోగుచేసి మూటలోనే పెట్టి ఇచ్చేశాడు. కుట్టు కూలి మాత్రం రాజారత్నం ఎంత చెప్పినా ఆయన పుచ్చుకోలేదు.

శుక్రవారం సాయంత్రం చొక్కాలు పంచారు. కుర్రాళ్ళ సంబరం అంతా ఇంతా కాదు. కొత్తగుడ్డ వాసన చూసి ఒకడు కళ్ళు మూసుకున్నాడు. కర్పూరం వాసన వస్తోందన్నాడు ఇంకొకడు. పెట్టెలో పెట్టి ఉంటారులే అన్నారు. రాజారత్నం అందర్నీ వరుసగా నిలబెట్టి, ఇకనుంచి మైదానంలో ఎవడూ నోరు తెరవకూడదని ఆజ్ఞ వేశాడు. పేరుపెట్టి పిలిస్తే ఎదుటివాడికి బంతి ఎటు పోతోందో తెలిసిపోతుంది, పట్టాళంలో మేమిలాగే నడిచేవాళ్ళం అన్నాడు. వెంకటముని చేరవేసిన తల్లి మాటని ఆయన యుద్ధవిద్య కింద మార్చేశాడు. పిల్లలు నమ్మారు.

నోరు మూసుకుని ఆడిన ఆ మొదటి ఆట వెంకటముని గోలు దగ్గర నిలబడి చూశాడు. మామూలుగా ఆ మైదానం అరుపులతో చెవులు గడియలు పడేలా ఉంటుంది. ఆ రోజు ఉత్త కాళ్ళు మట్టి మీద పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. తెల్లటి వీపులు పది అటూ ఇటూ కదులుతున్నాయి. ఎవరూ పిలవకుండానే బంతి ఒకరి నుంచి ఒకరికి పోతోంది. ఒకరి వైపు ఒకరు చూసుకోకుండానే ఎవరు ఎక్కడున్నారో తెలిసిపోతోంది. ఇంత బాగా వాళ్ళు ఎప్పుడూ ఆడలేదు. అతనికి సంతోషం కలగాలి. వీపు మీద చెమట చల్లబడింది. పూలకొట్టు ముసలాయన గుడ్డ వేసుకున్న సన్నటి కుర్రాడు మధ్యలో ఆగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, ముసలివాళ్ళు మెట్లెక్కి అలిసిపోయినట్టు నిట్టూర్చాడు. అది మామూలు అలసటేనని వెంకటముని తనకి తాను చెప్పుకున్నాడు.

మైదానం చుట్టూ ఉండే కుక్కలు ఆ రోజు అరవలేదు. గీత బయట వరుసగా పడుకుని, తలలు కాళ్ళ మీద ఆనించి చూస్తూ ఉన్నాయి. వంక గట్టున తన తండ్రి చుట్టూ కుక్కలు సరిగ్గా అలాగే పడుకుంటాయని వెంకటమునికి తెలుసు.

ఆదివారం తెల్లవారగానే బస్సు దగ్గరికి అందరూ చొక్కాలు వేసుకుని నడిచారు. మార్గశిరం మంచు ఇంకా పలచబడలేదు. ఎదురుగా పాలకుండతో వస్తున్న పెద్దమనిషి ఒకాయన వీళ్ళని చూసి రోడ్డు దిగి, చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడ్డాడు. వీళ్ళు దాటిపోయాక తనెందుకు అలా చేశాడో తెలియక చుట్టూ చూసుకున్నాడు. కుర్రాళ్ళు నవ్వుకున్నారు. కాలేజీ పరువు పెరిగిందిరా అన్నాడు జయరామ్. వెంకటముని నవ్వలేదు. రాజారత్నమూ నవ్వలేదు.

చిత్తూరు మైదానంలో జనం బాగా పోగయ్యారు. చుట్టూ తాడు కట్టారు. రేకు గొట్టం పట్టుకున్న ఒకాయన ఆట వివరాలు చాటుతున్నాడు. పులులు వచ్చారని చాటి, తిరుపతి జట్టు పేరేమిటని అడిగాడు. ఇంకా పెట్టలేదని జయరామ్ నసిగాడు. ఆయన రాజారత్నం వైపు చూసి, చొక్కాలున్నాయి గనక ఆడండి గానీ పేరు లేని జట్టుని నేనెక్కడా చూడలేదు అన్నాడు. అది విని తాడు చుట్టూ జనం గొల్లుమన్నారు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నోరు మెదపకుండా ఆడుతున్న పదకొండు మందిని చూసి మొదట మూగోళ్ళని వెక్కిరించారు. కాసేపటికి వెక్కిరింపులు సన్నగిల్లాయి. చారల చొక్కాల కుర్రాళ్ళు ఒకరి పేరొకరు అరుచుకుంటూ ఆడుతున్నారు. ఆ పేర్లు మైదానంలో మరీ పెద్దగా వినిపిస్తున్నాయి. తామే ఎక్కువ మాట్లాడుతున్నామని తోచి వాళ్ళు కూడా గొంతు తగ్గించారు. సగం ఆట అయ్యేసరికి ఎవరికీ గోలు రాలేదు గానీ, భయం మాత్రం పులుల వైపే ఉంది.

విరామంలో కుర్రాళ్ళు తాడు పక్కకి చేరారు. అక్కడ సిద్ధమ్మ అనే ముసలామె గంపలో నిమ్మకాయలూ ఉడకేసిన చెనిక్కాయలూ పెట్టుకుని కూర్చుంది. ఎక్కడ జనం చేరితే అక్కడికి గంప మోసుకొచ్చే మనిషి. జయరామ్ నిమ్మకాయ కోసం వంగాడు. ఇవ్వబోతున్న చెయ్యి ఆగిపోయింది. ఆమె కళ్ళు వాడి చొక్కా కిందివైపున పడ్డాయి. అంచు పట్టుకుని తిరగేసి చూసింది. బొటనవేలితో ఆ పోగుల మీద మెల్లగా రుద్దింది.

"ఇది మా యింటాయన నేసింది," అంది. "ఈ మాదిరి అంచు ఆయన తప్ప ఇంగెవురూ ఎయ్యరు. ఆయన పోయినాక ఇదొకటే మిగిలింటే నా కొడుక్కిచ్చినాను. వరదయ్య. తిరపతికి తలనీలాలియ్యను ఇది కప్పుకోనే పోయినాడు. ఇంగా రాలే. నువ్వు సూసినావా నాయనా వాన్ని? నీకమ్మినాడా ఇది? యాడుండాడు?"

ఆమె ముఖంలో దుఃఖం లేదు. అదే భరించలేకపోయాడు వెంకటముని. ఆ ముఖం సంతోషంతో విచ్చుకుంది. ఇన్నేళ్ళకి కొడుకు జాడ చెప్పేవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడనుకుంటోంది.

జయరామ్ ఏమీ అర్థం కాక రాజారత్నం వైపు చూశాడు. రాజారత్నం నేల చూశాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం ఎంత పని? తిరుపతి బజారులో కొన్నామని చెబితే చాలు. ఆమె పొంగిపోతుంది. గంప అక్కడే వదిలేసి తిరుపతి బజారంతా తిరుగుతుంది. కొడుకు ఏ కొట్టు ముందో కనబడతాడని పొద్దు గుంకేదాకా తిరుగుతుంది. రేపూ తిరుగుతుంది. వెంకటముని గోలు కొయ్యల మధ్య అలాగే ఉంటాడు. ఎవరికీ ఏమీ తెలియదు.

 అతను రెండడుగులు ముందుకి వేసి, అందరూ వినేటట్టే చెప్పాడు.

"అమ్మా, ఆ గుడ్డ మా యింటిది. మా నాయన తిరపతిలో కాటికాపరి."

ఆమె బొటనవేలు అంచు మీద ఆగిపోయింది. ఆ ఒక్క మాటతో ఆమెకి కొడుకు లేడని తెలిసింది, తాము ఒంటి మీద వేసుకున్నదేమిటో జట్టుకి తెలిసింది.  తర్వాత ఒకడు చొక్కా తలమీదుగా లాగబోయి, చేతులు చిక్కుకుపోయి గిలగిల్లాడాడు. ఒకడు మట్టి తీసుకుని చేతులు రుద్దుకోసాగాడు. ఒకడు పక్కకి పోయి కక్కుకున్నాడు. వెంకటముని మీద చెయ్యి మాత్రం ఎవరూ వెయ్యలేదు. కొట్టాలని అందరికీ ఉంది. కొట్టాలంటే ముట్టుకోవాలి గదా.

 జయరామ్ బొత్తాలు విప్పాడు. విప్పి తియ్యబోతే కిందినుంచి గుడ్డ రాలేదు. సిద్ధమ్మ పట్టు వదల్లేదు.

"ఇప్పొద్దు నాయనా," అంది. "ఇంతసేపూ నువ్వు పరిగెత్తతా ఉంటే యెవురో అనుకోని సూసినాను. ఇంగ రొంతసేపు పరిగెత్తు. తెలిసి సూస్తాను."

విజిలు మోగింది. జయరామ్ ఆమె చేతికేసి చూశాడు, ఆమె ముఖంకేసి చూశాడు. వకీలు గారింట్లో ఇలాంటిదానికి జవాబు నేర్పి ఉండరు. వాడు బొత్తాలు మళ్ళీ పెట్టుకుని ఒక్కడే మైదానం మధ్యకి నడిచాడు.

ఈలోగా సంగతి తాడు చుట్టూ పాకిపోయింది. ఎవడో ఆకతాయి "కాటిజట్టు" అని అరిచాడు. ఆ మాట అందరికీ నచ్చింది. కాటిజట్టు, కాటిజట్టు అని మైదానం నాలుగు వైపులా హోరెత్తింది. తెల్లచొక్కా ఒక్కటే ఆ హోరు మధ్యలో నిలబడి ఉంది. అది చూసి మట్టి రుద్దుకుంటున్నవాడు లేచాడు. కక్కుకున్నవాడు మూతి తుడుచుకున్నాడు. వాళ్ళకేదో గొప్ప బుద్ధి పుట్టిందని కాదు, కెప్టెన్ని ఒంటరిగా చూడలేకపోయారు, అంతే. కాలేజీ పెట్టిన ఆరు నెలల్లో ప్రిన్సిపాల్ గారు ఎన్ని ఉపన్యాసాలిచ్చినా రాని అభిమానం ఆ తిట్టుతో వచ్చింది. ఒకరి వెనక ఒకరు చొక్కాలు సర్దుకుని గీత దాటారు.

వెంకటముని మాత్రం తాడు బయట, సిద్ధమ్మ గంప పక్కనే ఉండిపోయాడు. రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. గోలు కొయ్యల మధ్య ఖాళీగా ఉంది. పులులు ఆ ఖాళీని చూసి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు.

జయరామ్ వెనక్కి తిరిగాడు. వెనక్కి తిరిగి, నోరు తెరిచి పిలిచాడు.

"వెంకటమునీ! యెవురి కోసరం నిలబడినావు? రా!"

పేరుపెట్టి పిలవకూడదు, వెనక్కి తిరగకూడదు అని తల్లి చెప్పిన రెండూ ఒక్కసారే తప్పిపోయాయి.  మైదానంలో తక్కిన తొమ్మిది చొక్కాలూ కూడా అదే క్షణాన తన వైపు తిరగడం వెంకటముని చూశాడు. వాళ్ళందరి ముఖాలూ తెలిసినవే. ఏ ఒక్క ముఖమూ ఇంత తిన్నగా తన వైపు ఎప్పుడూ చూడలేదు. తాడు కింద దూరి పరిగెత్తాడు.

ఆ తర్వాత జరిగినదాన్ని ఆట అనాలో లేదో. చారల చొక్కాలవాళ్ళు తెల్లచొక్కా తగులుతుందని పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టారు. పులుల్లో మొనగాడు ఒకడు బంతి తీసుకుని గోలు ముందుకి వచ్చేశాడు, మధ్యలో ఎవరూ లేరు. వాడి కళ్ళు వెంకటముని చొక్కా మీద పడ్డాయి. కాలు ఆగింది. బంతి దానంతట అది దొర్లుకుంటూ వచ్చి వెంకటముని చేతుల్లో చేరింది. జనం అరుపులు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు. నిప్పు పెట్టే ముందు చితి చుట్టూ నిలబడ్డ బంధువుల్లా ఊరికే నిలబడి చూస్తున్నారు. సిద్ధమ్మ తాడు రెండు చేతులా పట్టుకుని, జయరామ్ ఎటు పోతే అటు తల తిప్పుతోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. చివర్లో జయరామ్ కొట్టిన బంతి కొయ్యల మధ్యనుంచి దూసుకుపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఎలా కొట్టావురా అని తర్వాత అడిగితే, నేనేనా కొట్టింది అన్నాడు జయరామ్. వాడు హాస్యానికి అనలేదు.

రేకు గొట్టం పెద్దమనిషి వచ్చాడు. గెలిచినవాళ్ళ పేరు చాటాలి, ఇప్పుడైనా చెప్పండి అన్నాడు. కుర్రాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. జయరామ్ వెంకటముని వైపు చూసి, ఆ తర్వాత ఆయనతో, మీ ఊరోళ్ళే పెట్టినారు గదా సార్, కాటిజట్టు, అదే చాటండి అన్నాడు. ఆయన గొట్టం నోటి దగ్గర పెట్టుకుని కొంచెం తటపటాయించి, గొంతు తగ్గించి చాటాడు. ఈసారి నవ్వినవాడు ఒక్కడూ లేడు.

సిద్ధమ్మ గంపని పక్కనామెకి అప్పగించి వాళ్ళతో బస్సెక్కింది. ఆ చోటు చూపించమంది, అంతే. బొగ్గుతో నడిచే బస్సు. మెట్ట వచ్చినప్పుడల్లా ఆగి, డ్రైవరు దిగి పొయ్యి విసరవలసి వచ్చేది. దారి పొడుగునా ఆమె జయరామ్ పక్కన కూర్చుని చొక్కా అంచు పట్టుకునే ఉంది. వాడు ఒక్కసారి కూడా విడిపించుకోలేదు. గెలిచిన జట్టు పాటలు పాడుకుంటూ రావడం మామూలు. ఈ జట్టు నోరెత్తలేదు. ఇప్పుడు వాళ్ళని మాట్లాడొద్దన్నవాళ్ళు ఎవరూ లేరు.

తిరుపతి చేరేసరికి పొద్దు కొండ మీదికి వాలింది. ఆ గుడ్డతో ఇళ్ళల్లో అడుగుపెట్టకూడదు గనక ఎలాగూ వంకలో మునగవలసిందే. కుర్రాళ్ళు ఆ మాట పైకి అనుకున్నారు. మనసులో మాత్రం ముసలామెని వదిలి పోవడం ఎవరికీ చేతకాలేదు. వెంకటముని ముందు నడిచాడు. ఎన్నడూ ఆ దారి తొక్కని పిల్లలు అతని వెనక, చివర రాజారత్నం. పిల్లల మధ్యలో జయరామ్, వాడి వెనకాల గుడ్డ పట్టుకుని సిద్ధమ్మ.

మునస్వామి గట్టు మీద వంగి సగం కాలిన కట్టెలు వేరు చేస్తున్నాడు. కుక్కలు తలలెత్తాయి గానీ మొరగలేదు. అలికిడికి అతను తలెత్తి చూశాడు. పల్చటి పొగలోంచి తెల్లగుడ్డలు తన వైపు నడిచి వస్తున్నాయి. ముప్పై ఏళ్ళుగా ఒంటరిగా అక్కడే పడుకునే మనిషి, దేనికీ జంకని మనిషి, చేతిలో కట్టె జారవిడిచాడు. తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని, చేతులు జోడించాడు. అతను ముఖాలు చూడలేదు. ఒక్కొక్క గుడ్డనే చూస్తూ వచ్చాడు.

"అందరూ ఒకేతూరి వొచ్చినారే," అన్నాడు. "నేనేం తక్కువ జేసినానప్పా? నీకు ఆ పొద్దు కట్టెలు తడివి, నిజమే. వాన కురిసింది, నేనేం జేసేది? నీకు మీవోళ్ళు నెయ్యి తేలేదు తల్లీ, నేనే రొంత దెచ్చి పోసినాను."

 మునస్వామి వరస తప్పకుండా జరుగుతూ కన్నకొడుకు ఎదురుగా వచ్చాడు. పాము కరిచి పోయిన పిల్లవాడి గుడ్డకేసి చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వు సిన్నోడివి నాయనా. నిన్ను పండబెట్టినప్పుడు నా కొడుకే మతికొచ్చినాడు. ఆ పొద్దంతా కూడు తినలే."

నేనే నాయనా, నీ కొడుకునే అని చెప్పబోయాడు వెంకటముని.  తండ్రి కళ్ళు తన కళ్ళకి జానెడు దూరంలో ఉన్నాయి, వాటిలో తను లేడు. మునస్వామి అతన్ని దాటి జయరామ్ దగ్గర ఆగాడు. అక్కడ మరీ ఎక్కువసేపు నిలబడ్డాడు.

"అందరికీ యెవురో ఒకరు వొచ్చినారు," అన్నాడు. "నీకే యెవురూ రాలే. నీ పేరు గూడా తెలీదు నాకు. ఏమని పిలిచేది నిన్ను?"

జయరామ్ వెనకనుంచి సిద్ధమ్మ ముందుకి వచ్చింది.

"వరదయ్య," అంది. "వాని పేరు వరదయ్యప్పా. నేను వాళ్ళమ్మని. వొచ్చినాను."

మునస్వామి ఆమె వైపు చూశాడు. ఆమె చేతిలో ఉన్న అంచు చూశాడు. అప్పుడు గానీ ఆ గుడ్డల పైన ముఖాలున్నాయని అతనికి తెలియలేదు. ఒక్కొక్కరినే చూస్తూ వెనక్కి వచ్చి, కొడుకు దగ్గర ఆగి, ఆ చొక్కా భుజం మీద చెయ్యి వేశాడు.  ఎందుకురా అని అడగలేదు. తిరిగి సిద్ధమ్మతో, వంక వైపుగా ఉన్న ఒక చోటు చూపించి, ఆడమ్మా, తూరుపు తలగా పండబెట్టినాను, నేను పక్కనే ఉన్నాను అన్నాడు. ఆమె అక్కడికి నడిచింది. నిలబడలేక తూలింది.

"ఆయమ్మ కూసోను యేదన్నా తెండప్పా," అన్నాడు కాటికాపరి.

వెంకటముని కదిలేలోపలే జయరామ్ గట్టు పక్కనున్న వాళ్ళ గుడిసెలోకి పోయి, తాయమ్మని చాప అడిగి తీసుకొచ్చాడు.